చిల్లు లేని చిల్లుకాణీ

ఈ మధ్య పాత నాణేల పనిలోకి కొత్తవాళ్ళు చాలామంది దిగుతున్నారు. జగ్గయ్యపేటలో నా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, కుర్చీలో సరిగా కూర్చోకముందే, "ఏ నాణెం ఎంతకు పోతుందండీ?" అని అడుగుతారు. ధర చెప్పడం ఈ పనిలో ఆఖరి మెట్టు. అంతకు ముందు ఆ నాణెం ఏమిటో తేల్చుకోవాలి. తేల్చుకోవడం అంటే మీరు ఊహించుకునేంత గంభీరమైన వ్యవహారం కాదు. బల్ల ముందు కూర్చుని, భూతద్దం కంటికి ఆనించుకుని, అయోమయంగా తల గోక్కోవడం. డెబ్బైల మొదట్లో మొదలుపెట్టాను. పని మానేసేదాకా గోక్కుంటూనే ఉన్నాను. తేలినవి చాలావరకు మర్చిపోయాను. తేలనివి మాత్రం మనుషుల పేర్లతో సహా గుర్తున్నాయి.

తప్పు, దెబ్బ

టంకశాలలో ముందు లోహపు రేకులోంచి గుండ్రటి బిళ్ళలు కోస్తారు. ఆ బిళ్ళను రెండు అచ్చుల మధ్య పెట్టి ఒక్క గుద్దు గుద్దితే నాణెం అవుతుంది. లక్షల బిళ్ళలు పోతుంటే ఎక్కడో ఒకటి పక్కకు జరుగుతుంది, బొమ్మ సగమే పడుతుంది. ఒక బిళ్ళ రేకు అంచున కోతపడి చంద్రవంకంత ముక్క తగ్గుతుంది. అక్కడ చూసేవాళ్ళ కళ్ళు తప్పించుకుని అవి మన చేతుల్లోకి వస్తాయి. వాటిని అచ్చుతప్పు నాణేలు అంటారు. మా కొట్టులో పొట్టిగా "తప్పు" అనేవాళ్ళం. "ఇవాళ తప్పేమైనా దొరికిందా?" అని మా షావుకారు గారు అరుస్తుంటే, బజారులో పోయేవాళ్ళు ఎవరిని పట్టుకున్నారో అని తొంగిచూసేవారు.

టంకశాల గేటు లోపల జరిగితే తప్పు. గేటు బయట జరిగితే దెబ్బ. తప్పుకి ధర ఉంది, దెబ్బకి లేదు. ఈ పని మొత్తం ఇంతే. కాకపోతే నాణెం నోరు విప్పి ఏ గేటు దగ్గర ఏం జరిగిందో చెప్పదు.

మా షావుకారు గారు

ఆయనది వెండి కొట్టు. పాత రూపాయలు కరిగించడానికి వస్తుంటే, వాటిలో కరిగించకూడనివి ఏరి పక్కన పెట్టడం నా ఉద్యోగం. నేర్పేటప్పుడు ఆయన మూడే చెప్పారు. బరువు చూడు, అంచు చూడు, రాయి మీద వేసి మోత విను. ఈ మూడూ అయ్యాకే బొమ్మవైపు చూడు. నేను మొదటి రోజు నుంచీ బొమ్మే ముందు చూసేవాణ్ణి.

ఒకసారి విక్టోరియా రాణి రూపాయి ఒకటి వచ్చింది. కిరీటం పైభాగం వెన్నలా కరిగి జారినట్టుంది. అచ్చులో లోపం అనుకుని, గొప్ప తప్పు దొరికిందని సంబరపడి, వెండి రేటుకి మూడింతలు ఇచ్చి కొన్నాను. షావుకారు గారు దాన్ని ఒక్క క్షణం చూసి లోపలికి వెళ్ళి, వాళ్ళావిడ కాసులపేరు తెచ్చి నా ముందు పడేశారు. కాసు కాసుకీ కొక్కెం. "కొక్కెం అతికిస్తే ఇలా ఉంటది. ఊడగొడితే నువ్వు కొన్నట్టు ఉంటది. భోజనానికి పో" అన్నారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఇంకోసారి ఒక రూపాయి బిళ్ళ వచ్చింది. ఒకవైపు మామూలు బొమ్మ. రెండోవైపు అదే బొమ్మ, లోపలికి గుంటపడి, అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది. ముందు కొట్టిన నాణెం అచ్చుకి అంటుకుపోయి, దాని మీదే తర్వాతి బిళ్ళ పడితే అలా అవుతుందని చదివి ఉన్నాను. కొనేశాను. వారం తిరక్కుండా అలాంటివి ఇంకో నాలుగు వచ్చాయి. అప్పుడు నాకు బుర్ర తిరిగింది. షావుకారు గారు నన్ను బస్సెక్కించి చిల్లకల్లు తీసుకెళ్ళారు. హైవే పక్కన లారీలు బాగుచేసే షెడ్డు. మెకానిక్ మా కళ్ళ ముందే రెండు బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పెట్టి, ఇనప పట్టుకర్రలో బిగించి, పైన సుత్తితో ఒక్కటేశాడు.

"మీకెన్ని కావాలండీ?" అన్నాడు నవ్వుతూ.

ఇలా చేసినదాంట్లో మంచి బొమ్మ ఉన్న వైపు కొద్దిగా అణిగి బల్లపరుపుగా అవుతుంది. నిజమైనదాంట్లో ఆ వైపు పొంకంగా ఉంటుంది. తిరిగి వస్తూ బస్సులో ఆయన ఇంకో మాట చెప్పారు.

"నాణెం తెచ్చినోడి కథ వినమాకు. కథ విన్న చెవులు కళ్ళని చెడగొడతయ్."

ఆ మాట వల్ల నా డబ్బు చాలాసార్లు మిగిలింది. ఆయన విషయంలో మాత్రం, ఎవరి కథా వినకుండా బతకడం వల్ల చివరి రోజుల్లో పలకరించడానికి వచ్చినవాళ్ళు ఇద్దరో ముగ్గురో. గురువు గురించి ఇలా రాయడం నాకు బాగా లేదు. అయినా మీకు తెలియాలి.

నందిగామలో ఒక బుధవారం

ఎనభైల మొదట్లో కొట్టు నా చేతికి వచ్చింది. బుధవారాలు పాత నాణేలు కొనడానికి నందిగామ వెళ్ళి, తెలిసినవాళ్ళ గిన్నెల కొట్టు అరుగు మీద కూర్చునేవాణ్ణి. ఒకరోజు బడి వదిలే వేళకు ఒకావిడ వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. చేతిలో గొడుగు, భుజాన సంచి.

"నా పేరు సుగుణండి. ఇక్కడ ప్రైమరీ స్కూల్లో టీచర్ని. మాది చెవిటికల్లు. మా నాన్న ఒక కాణీ పంపాడండి, అసలుదో కాదో చూపించుకు రమ్మని. దాని వెనక పెద్ద కథుంది."

"కథ తర్వాత చెబుదురుగానీ, ముందు చూడనివ్వండి" అన్నాను. నాకు అప్పటికి అది అలవాటైపోయింది.

రుమాలు ముడి విప్పి ఇచ్చింది. చూసి నోరెళ్ళబెట్టాను. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో రాగి కరువై, సర్కారు కాణీకి నడుమ పెద్ద చిల్లు పెట్టి కొట్టింది. అదే చిల్లుకాణీ. మా చిన్నప్పుడు పిల్లల మొలతాళ్ళకు కట్టేవాళ్ళు, బళ్ళకూ మోటార్లకూ వాషర్లుగా వాడేవాళ్ళు. ఎందుకూ పనికిరాని మనిషిని చిల్లుకాణీ అనడం కూడా దాన్ని చూసే. ఆవిడ ఇచ్చినది అదే కాణీ, అదే కిరీటం, అదే ఆకుల దండ. కానీ చిల్లు లేదు. చిల్లు కొట్టే యంత్రం కింద పడకుండా తప్పించుకుని నేరుగా అచ్చు కిందకు పోయిన బిళ్ళ.

త్రాసులో వేశాను. మామూలు చిల్లుకాణీ కన్నా సుమారు పావు వంతు ఎక్కువ తూగింది. తూగాలి కూడా. అంచు తిప్పి చూశాను, శుభ్రంగా ఉంది. నమ్మలేక మళ్ళీ త్రాసులో వేశాను. జీవితంలో మొదటిసారి చూస్తున్నాను మరి.

"తప్పేనండీ ఇది. ఖాయంగా తప్పు" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను. గిన్నెలు బేరమాడుతున్న నలుగురూ ఇటు తిరిగారు. ధరల పుస్తకం కోసం వెనక్కు తిరిగి సంచీలో వెతికి, తీసి, ఇటు తిరిగేసరికి ఆవిడ లేదు. కాణీ లేదు. బస్సెక్కిందని ఎవరో చెప్పారు.

ఇంకో వ్యాపారి దగ్గరికి పోయిందనుకున్నాను. రెండు వారాలు నాకు అన్నం సయించలేదు. అప్పటికీ నాకు తోచలేదు చూడండి, నేనేం అన్నానో.

మూడో బుధవారం ఆవిడ అరుగు ముందు నుంచి తలదించుకుని పోతుంటే పిలిచాను.

"టీచరు గారూ, ఆ కాణీ ఎవరికైనా ఇచ్చేశారా?"

"దొంగ కాణీ ఎవరికిస్తామండీ. మా నాన్నకే ఇచ్చేశా."

"దొంగదని ఎవరన్నారమ్మా?"

"మీరే కదండీ. తప్పన్నారు. ఖాయంగా తప్పన్నారు. నలుగురూ విన్నారు."

అరుగు మీద నుంచి దిగి, చెప్పుల్లేకుండా రోడ్డు మీద నిలబడి, తప్పు అంటే తప్పు కాదని, సర్కారు చేసిన తప్పని, అంటే అసలుదేనని, అందుకే దానికి విలువని చెప్పాను. చెప్పేకొద్దీ నాకే అయోమయంగా ఉంది. ఆవిడ సంచి అరుగు మీద పెట్టి, మొదటి రోజు నేను వినని కథ చెప్పింది.

వాళ్ళ నాన్న పేరు దావీదు. వయసులో ఉండగా ఊళ్ళో ఒక పెద్ద రైతు దగ్గర కూలికి పోయేవాడు. కూలి డబ్బుల్లో ఒకసారి ఈ కాణీ వచ్చింది. అంగడికి పోతే దొంగ కాణీ అని విసిరేశారు. రైతు దగ్గరికి వెనక్కు తీసుకెళ్తే, మేం ఇచ్చింది మంచిదే, నువ్వే మార్చావు అన్నారు. ఆ రోజు నుంచి ఆయన ఊరికి దొంగకాణీ దావీదు. ఈమె బళ్ళో దొంగకాణీ కూతురు.

"ఇప్పుడు మంచంలో పడేట్టున్నాడండి. పోయేలోపల ఆ పేరు పోవాలని ఒకటే అడుగుతున్నాడు" అంది.

చెవిటికల్లులో

మర్నాడు పొద్దున్నే కంచికచర్లలో బస్సు మారి చెవిటికల్లు వెళ్ళాను. సుగుణమ్మ సెలవు పెట్టి వచ్చింది. దావీదు గారు వాకిట్లో కూర్చుని నులక పేనుతున్నాడు. నేను చెప్పేదంతా తల ఊపుతూ విన్నాడు. తర్వాత బొడ్లోంచి కాణీ తీసి నా చేతిలో పెట్టాడు.

నడుమ చిల్లు ఉంది.

"ఇదేంటి పెద్దాయనా?"

"తప్పుందని తమరే అన్నారంటగదయ్యా. తప్పుంటే దిద్దుకోవాల గదా. కొలిమి కాడికి బోయి చిల్లేయించా. ఇప్పుడు అన్నిట్లానే ఉంది, చూడండి."

నాకు ఏడుపొచ్చింది. కాణీ కోసమో, ఆయన కోసమో నాకే తెలియలేదు. ఆయన మొహంలో మాత్రం పని పూర్తయిన తృప్తి ఉంది. ఇన్నేళ్ళూ ఆ నాణెం లోపం ఏమిటో ఆయనకు ఎవరూ చెప్పలేదు. నేను చెప్పాను, ఆయన సరిచేయించాడు. అంతే.

భూతద్దంతో చూశాను. కమ్మరి చిల్లేసిన శానం వెడల్పుగా పడి, అసలు చిల్లు ఉండాల్సిన చోటు దాటి ఆకుల కొసలను కూడా కోసేసింది. అప్పుడు ఇంకొకటి గుర్తొచ్చింది. నందిగామలో నేను బరువు చూశాను, అంచు చూశాను. మోగించలేదు. సంబరంలో మర్చిపోయాను. ఎవరైనా మామూలు చిల్లుకాణీకి రాగి బిళ్ళ అతికించి చిల్లు పూడ్చి ఉంటే బరువు సరిగ్గా తూగుతుంది, అంచుకు ఏమీ కాదు. మోతలో మాత్రం బయటపడేది, కంగుమనకుండా మొద్దుగా మోగేది. ఇప్పుడు ఆ నడిమి ముక్కే లేదు.

పాలకేంద్రం దగ్గర

సాయంత్రం పాలకేంద్రం దగ్గర ఊరంతా పాలు పోయడానికి వస్తుంది. ఆ పేరు నలుగురి ముందే పోవాలని దావీదు గారిని అక్కడికే తీసుకెళ్ళాం. అప్పట్లో కూలి ఇచ్చిన రైతు కొడుకు రాఘవయ్య అక్కడ పెద్ద. చెడ్డవాడు కాదు, లెక్కగా మాట్లాడే మనిషి. కాణీ తీసుకుని తిప్పి చూశాడు.

"ఇది మామూలు కాణీయే గదండీ. చిల్లుందిగా."

"ఇది మొన్న కొట్టిన చిల్లండీ. వేలు పెట్టి చూడండి, గరుకుగా ఉంటుంది. టంకశాలలో ముందు చిల్లు పెట్టి తర్వాత అచ్చు వేస్తారు, నున్నగా ఉంటుంది."

వేలు పెట్టి చూశాడు. ఇంకో నలుగురు కూడా చూశారు.

"సరే, మొన్నటిదాకా చిల్లు లేదు. ఒప్పుకున్నా. మరి ఎవరో పూడ్చి ఉండొచ్చుగా? మీరు మోగించి చూశారా?"

నాణేన్ని మోగించి చూసుకోవడం అందరికీ తెలిసిన సంగతే. ఆయన అడగడంలో న్యాయం ఉంది. దావీదు గారు నా పక్కనే, కర్ర రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉన్నాడు. నావైపు చూడటం లేదు, నేల చూస్తున్నాడు.

"మోగించాను" అన్నాను.

"కంగుమందా?"

"కంగుమందండీ."

రాఘవయ్య కాణీని దావీదు గారి చేతిలో పెట్టాడు. "అయితే మా నాయనే పొరపాటు పడ్డాడు. రాసివ్వండి" అన్నాడు. పాల చీటీల పుస్తకంలోంచి కాగితం చింపి ఇచ్చారు. ఇది సర్కారు కాణీ అని, లోపం టంకశాలదని, ఈయనది కాదని రాసి సంతకం పెట్టాను. "తప్పు" అన్న మాట ఆ కాగితంలో ఎక్కడా రాకుండా జాగ్రత్తపడ్డాను. రాఘవయ్య దాన్ని అందరికీ వినపడేట్టు చదివాడు. దావీదు గారు కాగితం తీసుకుని కళ్ళకద్దుకున్నాడు.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు ఇక్కడ ఏం చెప్పాలో నాకు తెలియదు. చూడనిదాన్ని చూశానని సంతకం పెట్టకూడదు. పెట్టాను. మళ్ళీ అదే చోట నిలబడితే ఏం చేస్తానో కూడా తెలియదు. ఆ రాత్రి జగ్గయ్యపేట బస్సులో ఒకసారి మంచిపని చేశాననిపించింది, ఇంకోసారి చిల్లకల్లు మెకానిక్‌కీ నాకూ తేడా లేదనిపించింది.

చాలా రోజులు ఆలోచించాను. ఒక వాదన నాకు బలం ఇచ్చేది: యుద్ధం రోజుల్లో కాణీ చిల్లు పూడ్చాల్సిన కర్మ ఎవరికుంది? పూడ్చే కూలికి పది కాణీలు వస్తాయి. వెంటనే ఇంకో వాదన లేచేది: అచ్చుతప్పులకు ధర వచ్చాక పూడ్చినవి నేనే ఎన్నో చూశాను. ఆయన దగ్గర ఉన్నది అప్పటి కాణీయేనని ఏమిటి నమ్మకం? కథ విన్న చెవులు అన్నారు కదా మా షావుకారు గారు. విన్నది నిజమా, విన్నందుకు నిజమనిపించిందా, ఎటూ తేలేది కాదు.

అగ్గిపెట్టె

రెండేళ్ళ తర్వాత నందిగామ బస్టాండులో సుగుణమ్మ కనపడింది. నాన్న పోయాడని చెప్పింది. చివరిదాకా ఆ కాగితం దిండు కింద పెట్టుకున్నాడట. ఊళ్ళో పాత పేరు ఎవరూ అనడం లేదట. సంతోషం వేసింది, నిజంగా.

"మీ దగ్గరికే వద్దామనుకుంటున్నానండి" అని సంచీలోంచి అగ్గిపెట్టె తీసింది. లోపల దూదిలో ఆ కాణీ, దాని పక్కన చిన్న గుండ్రటి ముక్క. నేను చెవిటికల్లు వెళ్ళిన రోజే కొలిమి దగ్గర బూడిదలో వెతికి తెచ్చి దాచిందట. "దీన్ని మళ్ళీ అందులో అతికించి ఇస్తారా అండీ? నాన్న దగ్గర ఉన్నట్టే ఉంచుకోవాలనుంది."

ఆమె ఇంకా ఏదో చెబుతోంది. నా చెయ్యి అప్పటికే జేబులోకి పోయింది. భూతద్దం తీసి, ముక్కను వెలుతురుకి పెట్టి చూశాను. పూడ్చినదైతే అతుకు గీత గుండ్రంగా కనపడాలి. లేదు. తిప్పి చూశాను, వెనక కూడా లేదు. అంచున ఆకుల కొసలు, అక్కడి నుంచి నడిమి దాకా ఎక్కడా తెగకుండా ఒకటే లోహం. రెండేళ్ళుగా గుండెల మీద ఉన్న బరువు దిగిపోయింది. ఆ ఆనందంలో నోరు జారాను.

"ఇక సందేహం లేదమ్మా. అసలుదే."

ఆమె నావైపు చూసింది.

"ఇక అంటే? అప్పుడుందాండీ సందేహం?"

నేను భూతద్దం జేబులో పెట్టుకున్నాను.

"మోగించానన్నారు కదండీ."

"మోగించలేదమ్మా. మర్చిపోయాను."

"మరి సంతకం దేనికి పెట్టారండీ?"

"మీ నాన్నగారి మొహం చూసి పెట్టాను."

ఆమె గొంతులో కోపం లేదు. బళ్ళో పిల్లల్ని లెక్క అడిగినట్టే అడిగింది.

"మొహం చూసి నమ్మినవారు, ఇవాళ ఇది ఎందుకు చూశారండీ?"

కంచికచర్ల బస్సు వచ్చి ఆగింది. జనం తోసుకుంటున్నారు. ఆమె నా వేళ్ళ మధ్య నుంచి ఆ ముక్కను తీసుకుని, దూదిలో కాణీ పక్కన పెట్టి, అగ్గిపెట్టె మూసింది.

"అతికించొద్దులెండి" అని బస్సెక్కింది.